తల్లిని చూపని కుక్కపిల్ల

ప్రశ్న: మా పాపకు ఇటీవల అక్షరాభ్యాసము చేయించితిమి. బహుమానముగా జాతికుక్కపిల్లను కోరుచున్నది. నెలపిల్లను తెచ్చి బస్టాండులోనే యిత్తునని యొక వ్యాపారి ఫోనులో చెప్పుచున్నాడు. కొనవచ్చునా?
— ఒక పాఠకురాలు, బాసర

జవాబు: కొనవలదమ్మా. తల్లిని చూపక పిల్లను మాత్రమే చేతికిచ్చు వర్తకుని వెనుక, ఇనుపబోనులో పడి, రొమ్ములు వ్రేలాడ, బొచ్చు రాలి, ఈతవెంట ఈత ఈనుచున్న మూగతల్లి యొకతె యుండుట మిక్కిలి సంభావ్యము. 2017 నాటి కేంద్రప్రభుత్వ నియమములు, 8 వారములు నిండని పిల్లను అమ్మరాదనియు, 18 నెలలు నిండని ఆడకుక్కను చూలు కట్టింపరాదనియు, పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో నమోదు కావలెననియు శాసించుచున్నవి; 'నెలపిల్ల' యన్న మాటతోనే మీ వర్తకుడు పట్టువడినాడు! (ఇట్టివారు తమ నోటనే దొరకుదురు.) తల్లిపాలు ముందే మాన్పి, సంచిలోనో అట్టపెట్టెలోనో తెచ్చిన పిల్ల పార్వోవ్యాధికి సులభముగా లోబడును, నెత్తుటి విరేచనములతో రెండుమూడు దినములలో ప్రాణము విడుచుటయు కద్దు. అప్పుడు పాపకేమని చెప్పుదురు?

పిల్ల కావలసినచో మీ వీధిలో ఈనిన ఊరకుక్క పిల్లను, పాలు మానిన పిదప, టీకాలు వేయించి పెంచుకొనుడు. మన యెండలకు దానికున్న ఓర్పు బొచ్చుజాతులకు లేదు. ఆ వ్యాపారి ఫోను నంబరును మాత్రము నిర్మల్‌లోని పశుసంవర్ధకశాఖవారికి నేడే తెలుపుడు.