మౌలాలిలో ఇల్లు: అనుమతి యెట్లు?

ప్రశ్న: మౌలాలిలో 150 గజముల స్థలమున రెండంతస్తుల యిల్లు కట్టదలచితిని. అనుమతికై ఎన్నాళ్లు తిరుగవలెను?

జవాబు: తిరుగ నక్కరలేదు. 2020 నాటి తెలంగాణ భవనానుమతుల చట్టము ననుసరించి, 75 గజములకు మించని స్థలమున 7 మీటర్ల లోపు గృహమునకు ఒక్క రూపాయి రుసుముతో నమోదు చాలును. మీది వలె 500 చదరపు మీటర్ల లోపు స్థలమున, 10 మీటర్ల ఎత్తు దాటని గృహమునకు, యజమాని స్వీయ ధ్రువీకరణముపై ఆన్‌లైనులో తక్షణానుమతి లభించును. అంతకు మించినవానికి 21 దినముల గడువు కలదు. అయితే విశ్వాసముతో నొసగిన యీ సౌలభ్యము వెనుక కాఠిన్యమును దాగియున్నది: మీరు వ్రాసియిచ్చినది అసత్యమని తేలినచో, నోటీసు లేకయే కూల్చివేయ నధికారులకు హక్కు గలదు. కావున దరఖాస్తును దళారికి వదలక, దస్తావేజు కొలతలను నేలతో సరిచూచుకొనుడు. లేఅవుటు ఆమోదము పొందినదో, క్రమబద్ధీకరింపబడినదో విచారింపుడు. స్థలము రైల్వే సరిహద్దు చెంతనున్నచో (మౌలాలిలో నిది అరుదు కాదు) వారి నిరభ్యంతర పత్రమును ముందే తెచ్చుకొనుడు.