రాళ్లు చదివితే కొలువు: పల్నాడు విద్యార్థులకు జియాలజీ దారి

శిలాజం అనగానే రాక్షసబల్లి ఎముకలే గుర్తొస్తాయి. మాచర్ల, గురజాల క్వారీలన్నీ గాలించినా అక్కడి సున్నపురాయిలో అలాంటి ఎముక దొరకదు. ఎముకలున్న జీవులు పుట్టకముందే సముద్రం అడుగున పేరుకున్న రాయి అది. ఏ పొరలో ఏ జీవి ఆనవాలు ఉంది, ఏది లేదు అన్నదాన్ని బట్టి రాయి ఏ కాలానిదో అంచనా వేస్తారు. జియాలజీలో శిలాజాలకున్న విలువ అదే.

ఏది శిలాజం, ఏది కాదు?

నాపరాయి పొర విడదీస్తే ఒక్కోసారి నల్లటి చెట్టుకొమ్మ బొమ్మ కనిపిస్తుంది. అది ఆకు అచ్చు కాదు. సందుల్లోకి ఇంకిన నీటిలోని మాంగనీసు, ఇనుము అలా కొమ్మలు వేస్తాయి. దాని పేరు డెండ్రైట్. కడప జిల్లా వేంపల్లె డోలమైట్‌లో గుమ్మటాల్లా వంగిన సన్నని పొరలుంటాయి. సూక్ష్మజీవులు బురదను పట్టి ఉంచుతూ పెరిగిన గుర్తులవి. ఆ స్ట్రోమటోలైట్లు నిజమైన శిలాజాలు.

చమురు బావులకూ శిలాజాలే ఆధారం. కృష్ణా-గోదావరి బేసిన్‌లో డ్రిల్లింగ్‌తో పైకొచ్చిన రాతిముక్కల్లో ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలను మైక్రోస్కోప్‌లో చూసి, బావి ఏ కాలపు పొరకు చేరిందో చెబుతారు.

ఏం చదవాలి?

ఇంటర్‌లో సైన్స్ గ్రూపు, తర్వాత జియాలజీ ఉన్న బీఎస్సీ, ఆపై ఎమ్మెస్సీ. విశాఖలోని ఆంధ్రా, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర, హైదరాబాద్‌లోని ఉస్మానియా యూనివర్సిటీల్లో పీజీ ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

ఉద్యోగాలు ఎక్కడ?

యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్షతో 1851లో మొదలైన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు కావచ్చు. కేంద్ర భూగర్భ జల బోర్డులో హైడ్రోజియాలజీ పోస్టులకూ ఇదే పరీక్ష. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. పరిశోధన వైపు వెళ్లాలంటే నెట్ అర్హత పరీక్ష రాసి, శిలాజాలపై పనిచేసే లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ వంటి చోట పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. సొంత జిల్లాలోనే ఉండాలనుకుంటే సిమెంటు కంపెనీల సున్నపురాయి గనులున్నాయి.

ఒక మాట మాత్రం ముందే తెలుసుకోండి. కేవలం శిలాజాల మీదే ఉండే పోస్టులు తక్కువ. అందుకే భూగర్భ జలాలు, కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే జీఐఎస్ వంటివి కూడా నేర్చుకోండి.

ఈ సెలవుల్లో క్వారీ యజమాని అనుమతి తీసుకుని, పేలుళ్లు లేని వేళ పెద్దవారి తోడుతో వెళ్లండి. రాతి గోడను కింది నుంచి పైకి చూస్తూ ఒక్కో పొరను నోటుబుక్కులో గీసి, రంగు, మందం రాసుకోండి. జియాలజిస్టు ఫీల్డులో మొదట చేసేది ఆ పనే. అది మీకు విసుగు పుట్టించకపోతే ఈ కోర్సుకు ధైర్యంగా దరఖాస్తు చేయండి.