సీటు చెప్పే సంగతులు: రేసింగ్ సిమ్యులేటరులో కంపనాలు

కంప్యూటరులో కారు పందెం ఆట తెలియని విద్యార్థి మన హాస్టల్లో ఉండడు. ఆ ఆటకే నిజమైన స్టీరింగు, పెడళ్లు, సీటు అమర్చి ఒక చట్రం మీద బిగిస్తే దాన్ని రేసింగ్ సిమ్యులేటర్ కాక్‌పిట్ అంటారు. దర్శి హాస్టల్లో చదువుకున్న పూర్వ విద్యార్థులం కొందరం కలిసి, ఒంగోలులో మేముంటున్న గదిలో అలాంటిది ఒకటి తయారు చేసుకున్నాం. పాత సామాన్ల కొట్లో కొన్న కారు సీటు, చదరపు ఇనుప గొట్టాలు, సెకండ్ హ్యాండు లాజిటెక్ జీ29 స్టీరింగు, ఇంతే సరంజామా. దానికి కంపనాలు ఎలా కలిపామో, అందులో మీ పదో తరగతి, ఇంటర్ భౌతికశాస్త్రం ఎంత ఉందో ఈ వ్యాసంలో చెబుతాం.

అసలు కంపనం ఎందుకు? తెర మీద కారు బ్రేకు బిగుసుకుని జారిపోతున్నా సీటులో కూర్చున్నవాడికి ఏమీ తెలియదు. కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. నిజమైన బండిలో ఆ కబురు ముందుగా నడుముకు, అరికాళ్లకు అందుతుంది. పత్తి బోరేలతో కురిచేడు రోడ్డు మీద వెళ్లే ట్రాక్టరు డ్రైవరును, ట్రాలీ టైరులో గాలి తగ్గిందని ఎట్లా కనిపెట్టావన్నా అని అడగండి. కూర్చున్నచోటే తెలుస్తుందిరా అంటాడు. సిమ్యులేటరులో లేనిది ఆ కబురే.

ఇంజను కబురు ఎంత పౌనఃపున్యంతో వస్తుందో ముందు లెక్క కడదాం. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నాలుగు సిలిండర్లుంటే చుట్టుకు రెండుసార్లు. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకు 100 చుట్లు, అంటే 200 హెర్ట్జ్. అదే ఇంజను నిలిపి ఉంచి 900 చుట్లతో ఆడుతుంటే 30 హెర్ట్జ్. మూడు సిలిండర్ల ట్రాక్టరు 2000 చుట్ల దగ్గర 50 హెర్ట్జ్ ఇస్తుంది. మీ ఊరి బండికి మీరే కట్టి చూసుకోండి.

ఈ అదురు పుట్టించడానికి చౌకదారి సెల్‌ఫోనులో ఉన్నదే. చిన్న మోటారు ఇరుసుకు ఒక పక్కనే బరువు తగిలిస్తారు. తిరిగినప్పుడు ఆ బరువు మోటారును చుట్టూ లాగుతుంది. బలం = ద్రవ్యరాశి × వ్యాసార్థం × కోణీయ వేగం వర్గం. 20 గ్రాముల బరువు ఇరుసుకు 1 సెంటీమీటరు దూరంలో ఉండి నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సుమారు 20 న్యూటన్లు, అంటే రెండు కిలోల బరువు లాగినంత. వేగం సగం చేస్తే బలం నాలుగో వంతుకు, 5 న్యూటన్లకు పడిపోతుంది. ఇదే దీని లోపం. మెల్లగా, గట్టిగా అదరమంటే అదరదు.

రెండోది బాస్ షేకర్. ఇది కాగితపు శంకువు లేని స్పీకరు అనుకోండి. లోపలి తీగచుట్టకు గాలిని కదిలించే పని లేదు, ఒక బరువును ఊపుతుంది. దీనికి పౌనఃపున్యం వేరు, కంపన పరిమితి వేరు. 30 హెర్ట్జ్ దగ్గరైనా గట్టిగా కొట్టగలదు. మాకు ఇదే నచ్చింది. ఒకటి సీటు కింద, ఒకటి పెడళ్ల పలక వెనక బోల్టులతో బిగించాం. స్పాంజి మీద అతికిస్తే సగం అదురు స్పాంజే మింగేస్తుంది. పాత స్టీరియో ఆంప్లిఫయరు వాడేవారు అది 4 ఓమ్‌ల లోడు మోయగలదో లేదో వెనక పలక మీద చూసి మరీ కలపాలి.

ఇక ఏ సంగతికి ఎంత అదరాలో సిమ్‌హబ్ అనే సాఫ్ట్‌వేరు చూసుకుంటుంది. ఆట నుంచి వేగం, ఇంజను చుట్లు, చక్రాల చుట్లు క్షణక్షణం చదివి షేకర్లకు సంకేతం పంపుతుంది. బ్రేకు సంగతే చూడండి. కారు గంటకు 100 కిలోమీటర్లు, అంటే సెకనుకు 27.8 మీటర్లు పోతోంది. చక్రం వ్యాసార్థం 0.3 మీటర్లయితే అది సెకనుకు 14.7 చుట్లు తిరగాలి. 11.8 చుట్లే తిరుగుతోందంటే 20 శాతం జారుతున్నట్లు. టైరు పట్టు సుమారు 10 నుంచి 20 శాతం జారుడు మధ్య ఎక్కువగా ఉంటుంది, దాటితే తగ్గుతుంది. అందుకని 10 శాతం దగ్గర పెడలు కింద సన్నగా మొదలై, పెరిగేకొద్దీ గట్టిపడేలా పెట్టాం. తొక్కిన కాలు తనంతట తానే సడలడం అలవాటైంది. మా దృష్టిలో ఇంజను అదురుకంటే ఇదొక్కటే వంద రెట్లు మేలు. ఇంజను అదురు సరదాకు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అవి విద్యుత్ కార్లు, సిలిండర్లే లేవు. అలాంటి కారు నడిపేటప్పుడు ఇంజను అదురు కట్టేసి రోడ్డు అదురు మాత్రమే ఉంచాలి.

ఆటల్లో కంపనం కొత్తదేమీ కాదు. సెగా వారి 1976 నాటి మోటో క్రాస్ ఆటలో ఢీకొంటే హ్యాండిలు వణికేది. ఇమ్మర్షన్ అనే కంపెనీతో పేటెంటు వ్యాజ్యం నడుస్తున్న రోజుల్లో, 2006లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 3 కంట్రోలరులో కంపనం లేదు. 2007లో రాజీ కుదిరింది, అదే ఏడాది వచ్చిన కంట్రోలరులో మళ్లీ కనిపించింది. అదురు కోసం కూడా కోర్టుకెక్కుతారన్నమాట!

ఇంతవరకూ డబ్బు పెట్టి అదురు కొనుక్కునే కథ. మనలో చాలామంది ఇళ్లలో నాన్నో బాబాయో ట్రాక్టరు తోలి బతికినవాళ్లే. వారికి అదురు ఊరికే వస్తుంది, నడుము మీదే పడుతుంది. తేడా పౌనఃపున్యంలో ఉంది. షేకరు పని 20 హెర్ట్జ్ పైన. కూర్చున్న మనిషి శరీరం నిలువు కుదుపులకు ఎక్కువగా స్పందించేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య. దుక్కిలోనూ గతుకుల దారిలోనూ వచ్చే కుదుపులు చాలావరకు అక్కడా, అంతకంటే కిందా ఉంటాయి. ఐరోపా దేశాలు 2002లో దీనికి చట్టమే చేశాయి. ఎనిమిది గంటల పనికి సగటు కంపన త్వరణం 0.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 1.15 మీటర్లు/సెకను వర్గం దాటనివ్వకూడదు.

మెత్తటి దిండు వేస్తే సరిపోదా? సరిపోదు. ఏ స్ప్రింగైనా, రబ్బరైనా తన సహజ పౌనఃపున్యానికి 1.41 రెట్లు దాటిన అదురునే ఆపుతుంది. దాని సహజ పౌనఃపున్యం దగ్గర అనునాదం వచ్చి అదురు పెరుగుతుంది. మామూలు స్పాంజి సీటు మీద మనిషి కూర్చుంటే ఆ సహజ పౌనఃపున్యం ఇంచుమించు 4 హెర్ట్జ్. అంటే ఆపాల్సిన కుదుపును అదే పెంచుతుంది! మా చట్రం కాళ్ల కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేస్తే 20 హెర్ట్జ్ అదురు కింది అంతస్తుకు దిగకుండా ఆగింది. సహజ పౌనఃపున్యం 10 హెర్ట్జ్ ఉన్నా చాలు గనుక పని తేలికైంది. ట్రాక్టరుకు మాత్రం 2 హెర్ట్జ్ లోపు ఉండాలి. అందుకే స్ప్రింగు, డాంపరు ఉన్న సస్పెన్షన్ సీటు కావాలి.

అలాంటి సీటు ఉన్న బళ్లకు డ్రైవరు బరువును బట్టి స్ప్రింగు బిగువు సరిచేసే పిడి ఒకటి ఉంటుంది. 80 కిలోల మనిషికి బిగించిన సీటు 55 కిలోల మనిషికి గట్టిబల్లే. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ పిడి ఎక్కడుందో వెతికి, తుప్పు పట్టి ఉంటే రెండు చుక్కలు నూనె వేసి, నాన్నను సీటులో కూర్చోబెట్టి తిప్పండి.