కనిపించని నొప్పి

దెబ్బ తగిలితే గాయం కనిపిస్తుంది. జ్వరం వచ్చిన దేహాన్ని తాకితే వేడి తెలుస్తుంది. తలనొప్పి మాత్రం అనుభవించేవారికి తప్ప మరొకరికి తెలియదు. అందువల్ల ఎంతోమంది చెప్పుకొనే ఈ బాధను నమ్మేవారు తక్కువ. పని తప్పించుకోవడానికి తలనొప్పిని సాకుగా చెబుతున్నారన్న నింద చాలా ఇళ్ళలో వినిపించేదే. సాకుగా తోచిన ఆ నొప్పి వెనుక, బహు కొద్దిమందిలో, మెదడులోని రక్తనాళాల లోపం దాగి ఉండవచ్చు. దానిని గుర్తించడం ఎలా, గుర్తించిన తరువాత దానితో జీవించడం ఎలా అన్నవి తెలుసుకోదగిన విషయాలు.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో సుమారు 30 కిలోమీటర్ల ఎడంలో ఉన్న పట్టణాలు ఆదోని, ఎమ్మిగనూరు. ఆదోని పత్తి మార్కెట్టుకు, జిన్నింగు మిల్లులకు పేరుపొందింది. ఎమ్మిగనూరు నేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దూరప్రాంతాలకు చాటింది. వానలు ముఖం చాటేసిన ఏడు చుట్టుపక్కల పల్లెల ప్రజలు సుగ్గికని గుంటూరు మిరప చేలకు తరలిపోతారు. మగ్గం ముందు గంటల తరబడి చూపు నిలపడం, మిల్లులో పత్తి ధూళి, చేనులో మండుటెండ, వేళకు తిండీ నిద్రా లేకపోవడం వంటివన్నీ తలనొప్పిని రేపేవే. కనుక ఇక్కడ తలనొప్పికి కారణమేమని అడిగితే ఎవరైనా ఎండనో పనినో చూపుతారు. చాలాసార్లు అది నిజమే. నుదుట శొంఠి గంధం, ఒక మాత్ర, కంటినిండా నిద్ర చాలు, ఆ నొప్పి తగ్గిపోతుంది. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వేధించే నొప్పిని మాత్రం అలా వదిలివేయరాదు.

గుండె నుండి వెలువడిన రక్తం ధమనుల ద్వారా వేగంగా మెదడుకు చేరుతుంది. అక్కడ అది వెంట్రుకకంటె సన్నని కేశనాళికలలోకి ప్రవేశించి వేగాన్ని కోల్పోతుంది. ప్రాణవాయువును కణాలకు అందించి, సిరల ద్వారా నెమ్మదిగా గుండెకు తిరిగి వెళుతుంది. కొందరి మెదడులో ఒకచోట ఈ కేశనాళికలు ఏర్పడవు. ధమనులు, సిరలు చిక్కుపడిన నూలు కండెవలె నేరుగా పెనవేసుకొంటాయి. దీనిని వైద్యులు ధమనీ సిరా వైకల్యం అంటారు. ఇది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. ధమని తోసే ఒత్తిడిని తట్టుకొనే బలం సిర గోడలకు ఉండదు. అందువల్ల అవి ఉబ్బి, ఎప్పుడైనా చిట్లే ప్రమాదం ఉంది. ఈ వైకల్యం ఉన్నవారిలో ఏడాదికి సగటున నూటికి ఇద్దరు నుండి నలుగురికి మెదడులో రక్తస్రావం కలుగుతుందని అంచనా. కొందరిలో మూర్ఛ, మరికొందరిలో తలనొప్పి దీని లక్షణాలు. ఏ లక్షణమూ లేకుండా జీవితమంతా గడిపేవారూ ఉన్నారు.

అయితే తలనొప్పి ఉన్న ప్రతివారూ దీనికి భయపడనక్కరలేదు. అత్యధికుల నొప్పికి పార్శ్వపు నొప్పి, మానసిక ఒత్తిడి వంటివే కారణాలు. వైకల్యం బయటపడినా, నొప్పి దానివల్లనే వస్తున్నదని వెంటనే నిర్ణయించలేరు. రెండూ వేరువేరుగా ఉండవచ్చు. కొన్ని సూచనలను మాత్రం ఎన్నడూ ఉపేక్షించరాదు. పిడుగుపాటువలె క్షణాలలో తీవ్రమయ్యే నొప్పి, నొప్పితోపాటు మూర్ఛ, ఒక పక్క కాలుసేతులు పట్టుతప్పడం, మాట తడబడడం, చూపు మందగించడం, స్పృహ తప్పడం అటువంటివి. అప్పుడు మాత్ర మింగి తెల్లవారేదాకా వేచి ఉండరాదు. వెంటనే 108 వాహనాన్ని పిలిచి, మెదడును పరీక్షించే సాధనాలున్న ఆసుపత్రికి చేరాలి. ఆదోని నుండి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. దూరం ఎక్కువైన కొద్దీ బయలుదేరడంలో జాప్యం తగదు.

పుర్రె లోపలి రక్తనాళాలను చూడగలగడం ఇరవయ్యో శతాబ్దపు విజయం. పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ 1927లో మెడ ధమనిలోకి మందు ఎక్కించి, ఎక్స్-రే పటంలో మెదడు రక్తనాళాలను చూపాడు. ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రం 1971లో లండన్‌లో తొలిసారి రోగి మెదడును చిత్రించింది. మన దేశంలో 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ జాకబ్ చాందీ తొలి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించాడు.

ఈ వైకల్యానికి మూడు చికిత్సలు ఉన్నాయి. పుర్రె తెరచి ఆ చిక్కుముడిని తొలగించడం మొదటిది. రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి లోపల జిగురువంటి పదార్థంతో మూసివేయడం రెండవది. కిరణాలను ఆ ఒక్కచోట కేంద్రీకరించడం మూడవది. కిరణ చికిత్స ఫలితం పూర్తిగా కనిపించడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. చికిత్స చేయడమే అన్నివేళలా మేలని చెప్పలేము. ఇంతవరకు చిట్లని వైకల్యాలపై పలు దేశాలలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అందులో 223 మందిని సగటున 33 నెలలు గమనించారు. మందులతో మాత్రమే ఉన్నవారిలో నూటికి పదిమందికి, చికిత్స చేయించుకొన్నవారిలో నూటికి ముప్పైమందికి పక్షవాతమో మరణమో సంభవించింది. గమనించిన కాలం చాలదని కొందరు నిపుణులు ఆక్షేపించారు. కావున వైకల్యం పరిమాణాన్ని, అది ఉన్న చోటును, రోగి వయస్సును తూచి నిర్ణయం తీసుకొంటారు. కొందరికి వైద్యుడు చెప్పే మాట "కనిపెట్టి ఉందాము" అన్నదే.

వినడానికి ఈ మాట తేలిక, దానితో బ్రతకడం కష్టం. తలలో ఒక ముడి ఉన్నదని తెలిసి, ప్రతి నొప్పికీ ఉలికిపడకుండా మగ్గం ముందు కూర్చోవాలి. ఇందుకు క్రమశిక్షణ తోడ్పడుతుంది. నొప్పి వచ్చిన తేదీ, వేళ, తీవ్రత, తిన్న ఆహారం, పట్టిన నిద్ర ఒక నోటుపుస్తకంలో రాసుకొంటే వైద్యునికి దారి దొరుకుతుంది. రక్తపోటును అదుపులో ఉంచుకోవాలి. పొగాకు మానాలి. వేళకు తినాలి, నీళ్ళు తాగాలి, నిద్రపోవాలి. నొప్పి మాత్రలను అతిగా వాడరాదు. నెలకు పదిహేను రోజులు, కొన్ని రకాలైతే పది రోజులు మించి మూడు నెలలకుపైగా వాడితే, ఆ మాత్రలే తలనొప్పికి కారణమవుతాయి. రక్తాన్ని పలుచన చేసే మందులను వైద్యుని సలహా లేకుండా తీసుకోరాదు.

రోగి క్రమశిక్షణ ఎంత అవసరమో, చుట్టూ ఉన్నవారి విశ్వాసమూ అంతే అవసరం. అమెరికా సెనేటర్ టిమ్ జాన్సన్‌కు 2006 డిసెంబరులో ఈ వైకల్యం వల్ల మెదడులో రక్తస్రావమైంది. శస్త్రచికిత్స పొంది, నెలల తరబడి మాట, నడక సాధన చేసి, 2007 సెప్టెంబరులో సభకు తిరిగి వచ్చాడు. మాటలో జంకు మిగిలినా, 2008లో ప్రజలు అతనిని మళ్ళీ ఎన్నుకొన్నారు. సినీనటుడు సల్మాన్ ఖాన్ తనకు ఈ వైకల్యం ఉన్నదని, అయినా పనిచేస్తున్నానని 2025లో బహిరంగంగా చెప్పాడు. పేరున్నవారి మాటను లోకం వెంటనే నమ్మింది. మిల్లులో పత్తి మోసే కూలీకి, మగ్గం నేసే ఇల్లాలికి కూడా ఆ నమ్మకం దక్కాలి.

నొప్పిని పంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. నొప్పి ఉన్నదన్న మాటను నమ్మడం అందరికీ సాధ్యమే. తరగతిలో తల పట్టుకొని కూర్చున్న మిత్రుని, ఇంట్లో చీకటి గదిలో పడుకొన్న తల్లిని "ఎప్పటి నుండి?" అని అడగడం చిన్న విషయంగా తోచవచ్చు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబే ఒక్కొక్కసారి ప్రాణాన్ని నిలుపుతుంది.

ప్రశ్నలు

1. ధమనీ సిరా వైకల్యం ఎలా ఏర్పడుతుంది?
2. తలనొప్పిలో ఉపేక్షించరాని సూచనలు ఏవి?
3. చికిత్స విషయంలో వైద్యులు వేటిని తూచి నిర్ణయిస్తారు?
4. "రోగి క్రమశిక్షణ ఎంత అవసరమో, చుట్టూ ఉన్నవారి విశ్వాసమూ అంతే అవసరం" – పాఠం ఆధారంగా వివరించండి.