మోటుపల్లి రేవు – అభయ శాసనము

నేటి బాపట్ల జిల్లాలో చినగంజామునకు చేరువనున్న మోటుపల్లి యిప్పుడొక పల్లె. కాకతీయుల కాలమున నది పేరుగన్న ఓడరేవు. అచ్చటి వీరభద్రాలయ మండప స్తంభముపై గణపతిదేవ చక్రవర్తి శక 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, చెక్కించిన అభయ శాసనము కలదు.

తుపానునకు దారితప్పి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలాత్కారముగ గైకొనుచుండిరి. సముద్రమున బ్రతికి బయటపడినవాడు నేలమీద సర్వస్వము గోల్పోవుచుండెను. గణపతిదేవుడీ యాచారమును మాన్పెను. ప్రాణమునకు తెగించి కడలి దాటి వచ్చు వర్తకులనుండి నిర్ణీత సుంకము తప్ప వేరేమియు గైకొననని మాట యిచ్చెను. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొక పాలు. చందనము, చీనా కర్పూరము, పన్నీరు, ముత్యములు, దంతము, పగడములు, మిరియములు మున్నగు సరకుల పేర్లును శాసనమున గలవు. వానిని జదివిన, ఎంతెంత దూరపు ఓడలు వచ్చెడివో తెలియును. దయయు, కీర్తియు, ధర్మమును కారణములని శాసనము చెప్పుచున్నది. వర్తకుడు భయపడిన రేవు పాడగునన్న సంగతియు రాజెరుగనిది కాదు.

సుమారు అర్ధశతాబ్దమునకు పిదప వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యమును ముత్ఫిలి యని పేర్కొని, ఇచ్చటి వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను, ఏలిన రాణిని మెచ్చుకొనెను. ఆమె రుద్రమదేవియని పండితుల మతము. గణపతిదేవుని కూతును అతడు భార్యగా పొరబడెను.

1358లో అనవోతారెడ్డి ఆ రేవునకు మరల అభయమొసగెను. ఆ శాసనము తెలుగుననే గాక తమిళమునను గలదు. చదువవలసినవారు పైనుండి వచ్చువారు గదా!