పట్టణపు పొలములో పిల్లల చదువు

లండను మహానగరమున కెంటిష్ టౌను అను పేటలో రైలుదారుల చెంత నొక చిన్న పొలము కలదు. 1972వ సంవత్సరమున పాడుపడిన స్థలమును బాగుచేసి దీనిని నెలకొల్పిరి. బ్రిటనులోని పట్టణపు పొలములలో నిదియే మొదటిది. ఇచ్చట ఆవులు, మేకలు, గొఱ్ఱెలు, పందులు, కోళ్లు పెరుగును. పిల్లలు కూలి గోరక తమంతట తామే వచ్చి వానికి మేత వేయుదురు, కొట్టములు శుభ్రపఱతురు.

చూచిపోవు పిల్లలకును పనిచేయు పిల్లలకును చాల భేదము కలదు. చూడవచ్చినవారు మేకను నిమిరి పోవుదురు. మేత వేయువారు మాత్రము నిన్న తిన్న మేక నేడేల తినలేదో యని నిలిచి చూతురు. నెమరు వేయుచున్నదా, కడుపుబ్బినదా యని పరికింతురు. పశువు పొట్టలోని నాలుగు గదులను గూర్చి వారికి చెప్పదగిన సమయ మదియే.

పేడ మాట మఱియు గొప్పది. పేడయు, కొట్టములో తడిసిన గడ్డియు కలిపి దిబ్బ వేసినచో కంటికి గానరాని సూక్ష్మజీవులు దానిని చివుకజేయును. పెద్ద దిబ్బకు తగిన తేమయు గాలియు నున్న యెడల లోపలి వేడి 55 మొదలు 65 డిగ్రీల వఱకు పోవును. కలుపుగింజలు పెక్కులు ఆ వేడికి చచ్చును. ఇనుపకడ్డీ నొకటి దిబ్బలో గ్రుచ్చి, కొంతసేపటికి తీసి, మెల్లగా తాకి చూడుమనిన చాలును. మనము ఏటేట దిబ్బ వేయుచునే యున్నాము గాని, ఎన్నడైన పిల్లలచే కడ్డీ గ్రుచ్చించితిమా?

మన పిల్లలకు కొట్టము ఇంటనే యున్నది. ఐనను బడికి పోవువారికి పేడతో నేమి పని యని కొందఱము వారిని దూరముంతుము. కొందఱము బడి మాన్పించి పనిలో బెట్టుదుము. ఈ రెండవది పాఠము కాదు, చదువును దొంగిలుట యని మా యభిప్రాయము. 2016లో సవరింపబడిన చట్టము ననుసరించి, పదునాలుగేండ్లు నిండని పిల్లలు బడి వదలిన పిదపను, సెలవులలోను మాత్రమే, అపాయము లేని పనులలో ఇంటివారికి సాయపడవచ్చును. పురుగుమందు వారి చేతి కీయరాదు. పేడలో రోగములు తెచ్చు క్రిములుండును గావున, సబ్బుతో చేతులు కడుగుకొన్న పిదపనే యన్నము పెట్టవలయును.

వేసవి సెలవులలో ఇంటికొక దూడ మేతను పిల్లలకు అప్పగించి చూడుడు. వేసిన గడ్డి యెంత, మిగిల్చిన దెంత యను లెక్కను దినదినము వారే పుస్తకమున వ్రాయవలయును. కొలత పొరబడినను గంప లాగికొనక, ఏల పొరబడెనో యడుగుడు. మాసాంతమున ఆ పుస్తకమును సంఘపు కూటమునకు తెచ్చినచో, దూడ యెదిగిన తీరును పిల్లల నోటనే విందము.