ఒక్క కణుపు చాలు

మనీప్లాంట్‌ను అడక్కుండా తెచ్చిపెట్టుకుంటేనే ఇంట్లో డబ్బు నిలుస్తుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అందుకే పేరంటానికి వెళ్లి వస్తూ గోడమీంచి వేలాడే తీగ కొసను చటుక్కున తుంచి కొంగులో దాచుకొస్తారు. అలా వచ్చిన తీగలు కొన్నిసార్లు బతకవు. కారణం, తుంచిన చోటు. అడిగి తెచ్చుకోండి. వెళ్లేటప్పుడు ఒక కత్తెర పట్టుకెళ్లండి.

తీగను వేళ్లతో తడుముతూ పోతే ఆకు కాడ పుట్టే దగ్గర కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. అదే కణుపు. దాని పక్కనే గోధుమరంగులో మొటిమలాంటిది కనిపిస్తుంది. అది వేరు కాబోయే ఊడ. కొత్త చిగురు పుట్టేదీ ఆ కణుపులోంచే. ఉత్త ఆకును నీళ్లలో పెడితే నెలల తరబడి పచ్చగా ఉంటుందేమో గాని తీగ సాగదు. కణుపుకు అరంగుళం కిందుగా కోయాలి. ఒక్కో ముక్కకు రెండు మూడు కణుపులుండాలి. ఒక్క కణుపున్నా మొలుస్తుంది, కాకపోతే ఆలస్యమవుతుంది. అట్టడుగు ఆకు తీసేసి, ఆ కణుపు మునిగేలా సీసాలో నిలబెట్టండి. ఆకు మాత్రం నీళ్లలో మునగకూడదు, మునిగితే కుళ్లుతుంది. రంగు సీసా అయితే పాచి అంతగా పట్టదు. నాలుగైదు రోజులకోసారి నీళ్లు మార్చండి. ఎండాకాలంలో పది పదిహేను రోజులకే తెల్లటి వేళ్లు కనిపిస్తాయి, చలికాలంలో నెల పట్టొచ్చు.

ఈ మొక్క పూయడం దాదాపు ఎవరూ చూసి ఉండరు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను ఇది తగినంతగా తయారు చేసుకోలేదని 2016లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. పువ్వు లేదు కాబట్టి విత్తనమూ లేదు. దీని పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మొరేయా దీవి. అక్కణ్ణుంచి మన వంటింటి కిటికీ దాకా వచ్చిందంటే, చేతులు మారుతూ, కణుపు కణుపుగా కోయించుకుంటూ వచ్చిందన్నమాట.

సీసాలో వేళ్లు రెండు మూడంగుళాలు సాగగానే మొక్కను మట్టిలోకి మార్చాలి. మరీ ఆలస్యం చేస్తే నీళ్లకు అలవాటుపడిన వేళ్లు మట్టిలో కుదురుకోలేక మొక్క కొన్నాళ్లు బెంగపెట్టుకుంటుంది. ఆరంగుళాల కుండీ చాలు, అడుగున చిల్లు తప్పనిసరి. అందులో నాలుగైదు ముక్కలు కలిపి నాటితేనే గుబురుగా ఉంటుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు, గుప్పెడు ఇసుక. నల్లరేగడి వద్దు. అది నీటిని వదలదు.

ఇక నీళ్ల సంగతి. ఈ మొక్క ఎండి చచ్చేది తక్కువ, మునిగి చచ్చేదే ఎక్కువ. వేళ్లకూ ఊపిరి కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే వాటికి ఆధారం. రోజూ చెంబుడు పోస్తే ఆ సందులన్నీ నీటితో నిండి వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు, అందుకని ఆకులు వాడిపోతాయి. దాహమేసిందనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం. మా ఇంట్లో మొదటి మొక్కను నేను అలాగే పోగొట్టుకున్నాను. అప్పటినుంచి చూపుడువేలే నా కొలబద్ద. వేలిని రెండు కణుపుల లోతుకు మట్టిలో గుచ్చి చూస్తాను. తడి తగిలితే పొయ్యను. పొడిగా ఉంటే చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని పారబోస్తాను. రోళ్లు పగిలే ఎండల్లో మూడు నాలుగు రోజులకోసారి అవసరమవుతుంది, ముసురు పట్టినప్పుడు పది రోజులైనా అక్కర్లేదు. వారాల లెక్క పెట్టుకోకండి, వేలినే నమ్మండి. ఆకులు పసుపెక్కి, మట్టి కంపు కొడుతుంటే పైనున్న గట్టి తీగను కోసి మళ్లీ సీసాలో పెట్టండి. మొక్క దక్కుతుంది.

లైటు వేయకుండా పగలు పుస్తకం చదువుకోగలిగిన చోటైతే దీనికి సరిపోతుంది. తూర్పు కిటికీ పక్కన మరీ మంచిది. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకులు మాడతాయి. చీకటి మూలలో పెడితే బతుకుతుంది గాని పసుపు మచ్చలు మాయమై అంతా పచ్చబడుతుంది. ఉన్న కాస్త వెలుతురు కోసం పత్రహరితం పెంచుకుంటుంది మరి.

వేలాడే తీగకు పోనుపోను ఆకులు చిన్నవవుతాయి. నిజానికి ఇది చెట్లెక్కే జాతి. కొబ్బరితాడు చుట్టిన కర్రకు పాకిస్తే ఊడలు అందులోకి దిగి ఆకులు వెడల్పవుతాయి. బయట పెద్ద చెట్టెక్కితే ఆకు అరమీటరు దాటి, చీలికలు కూడా పడుతుంది. కుండీలో వేలాడదీయాలనుకుంటే బోసిపోయిన తీగలను ఎప్పటికప్పుడు కత్తిరించి, ఆ ముక్కల్నే మళ్లీ అదే కుండీలో గుచ్చండి. నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తే తిండికి లోటుండదు. పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి వేపనూనె పిచికారీ చేయండి.

ఇది చామ, కందల కుటుంబంలోది. పచ్చి కంద గొంతును దురదపెట్టినట్టే దీని ఆకు కొరికితే నోరు మండి వాస్తుంది. ఆ బాధ పెట్టేవి సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. పాకే పిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో ఎత్తున వేలాడదీయండి.

కత్తిరించగా మిగిలిన ముక్కలను చెరువుగట్టు మీద, వాగు పక్కన, అడవి అంచున పారేయకండి. శ్రీలంకలో క్యాండీ ఊరిని ఆనుకుని ఉన్న ఉడవట్టకెలె అడవిలో ఈ తీగే చెట్లెక్కి, నేలంతా పరుచుకుని అక్కడి మొలకలను ఎదగనివ్వడం లేదు. అంత అల్లుకోవడానికి దానికి విత్తనం అవసరం లేకపోయింది. ముక్కలు మిగిలితే అడిగినవాళ్లకివ్వండి, లేదా బాగా ఎండబెట్టాకే చెత్తలో వేయండి.